చచ్చినోళ్ళు కూడా లేచొచ్చి పాడే క్లైమాక్స్: గ్లైండ్‌బోర్న్ 'జూలియో చేజరే' డిస్క్ రివ్యూ

మొదటిసారి ఈ ఒపేరాని, అంటే మొత్తం పాటలతోనే నడిచే నాటకాన్ని, ఒక స్ట్రీమింగ్ యాప్‌లో చూశాను, పేరు చెప్పను. దాదాపు నాలుగు గంటలు ఓపిగ్గా కూర్చున్నాక ఆఖరి కోరస్ మొదలైంది, హార్న్‌లు, అంటే ఇత్తడి బాకాలు, అందుకున్నాయి, సరిగ్గా అప్పుడు స్క్రీన్ అగ్గిపెట్టె సైజుకి కుంచించుకుపోయి ఓ మూలకి నక్కింది. మిగతాదంతా నల్లగా అయిపోయి ఇంకేదో బాలే పోస్టర్, కింద పది, తొమ్మిది, ఎనిమిది అని కౌంట్‌డౌన్. రిమోట్ సోఫా సందులోంచి లాగి, తప్పు బటన్ నొక్కి, మళ్ళీ వెనక్కి వెళ్ళేసరికి క్రెడిట్స్ పడుతున్నాయి. కానీ ఆ అగ్గిపెట్టెలోనే ఒక్క క్షణం నెత్తురు మరకల బట్టలతో ఎవడో నిలబడి అందరితో కలిసి పాడుతున్నట్టు కనపడింది. వీడు ఇందాకే కదా చచ్చాడు? నిద్రమత్తులో నేనే పొరబడ్డానా? ఆ డౌట్‌తోనే డిస్క్ కొన్నాను, అంటే ఈ రివ్యూ మొత్తం చివరి పది పదిహేను నిమిషాల కోసం డబ్బులు పెట్టినోడి రివ్యూ అన్నమాట.

వస్తువు ఏంటంటే, పద్దెనిమిదో శతాబ్దపు సంగీతకర్త హాండెల్ రాసిన 'జూలియో చేజరే' (అంటే జూలియస్ సీజరే), 2005లో ఇంగ్లాండ్ ససెక్స్‌లోని గ్లైండ్‌బోర్న్ ఒపేరా హౌస్‌లో డేవిడ్ మెక్‌వికార్ డైరెక్ట్ చేసిన స్టేజింగ్, ఓపస్ ఆర్టే వాళ్ళ డిస్క్. కండక్టర్ విలియం క్రిస్టీ, వాయించేది ఆర్కెస్ట్రా ఆఫ్ ది ఏజ్ ఆఫ్ ఎన్‌లైటెన్‌మెంట్, అంటే పాత రకం వాయిద్యాలు, జంతువుల పేగుతో చేసిన తీగలు, వాల్వులు లేని హార్న్‌లు. వీడియో డైరెక్షన్ రాబిన్ లో (Robin Lough). ఇటాలియన్‌లో పాడతారు, తెలుగు సబ్‌టైటిల్స్ ఎలాగూ ఉండవు, ఇంగ్లీష్‌వి పెట్టుకోవాలి, ఒకటే లైన్ పదిసార్లు పాడతారు కాబట్టి చదవడానికి టైం బోలెడంత.

కథ తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తా. తనకి పోటీగా నిలిచిన రోమన్ సేనాని పాంపేని తరుముకుంటూ సీజర్ ఈజిప్టుకి వస్తాడు, అక్కడి కుర్ర రాజు టోలమీ (ఒపేరాలో టోలొమేయో) సీజర్ మెప్పు కోసం పాంపే తల నరికి కానుకగా పంపిస్తాడు, సీజర్‌కి అసహ్యం పుడుతుంది. పాంపే భార్య కొర్నేలియా, కొడుకు సెస్తో పగ పగ అంటూ ఉంటారు. టోలొమేయో అక్క క్లియోపాత్రా సింహాసనం కోసం సీజర్‌ని వల్లో వేసుకోబోయి తనే పడిపోతుంది. మధ్యలో అకిల్లా అని సేనాపతి, కొర్నేలియా మీద కన్నేసి, ఆమె దక్కదని తెలిశాక రాజుకి ఎదురు తిరిగి, దెబ్బలు తిని, చచ్చే ముందు సెస్తో చేతిలో ఒక ముద్ర పెట్టిపోతాడు, అది చూపిస్తే వంద మంది సైనికులు అతని మాట వింటారు. ఆఖరికి సెస్తో టోలొమేయోని చంపేస్తాడు. నిజం చరిత్రలో పదమూడో టోలమీ క్రీ.పూ. 47లో నైలు నదిలో మునిగి చచ్చాడు, సెస్తోకి దానితో ఏం సంబంధం లేదు, కానీ మూడు యాక్టుల పాటు పగ అని పాడిన కుర్రాడికి చివర్లో ఏదో ఒకటి చెయ్యనివ్వాలి కదా.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వస్తా. బరోక్ ఒపేరా, అంటే హాండెల్ కాలం నాటి ఒపేరా, చూసేవాళ్ళందరికీ ఎక్కడ చిరాకు వస్తుందంటే ముగింపు దగ్గర. అప్పటి సీరియస్ ఒపేరాల్లో సుఖాంతం దాదాపు రూలు, ఇటాలియన్‌లో లియేతో ఫీనే అంటారు. ఎంతమంది చచ్చినా, ఎంత ఏడ్చినా, ఆఖరికి అందరూ వరసగా ముందుకొచ్చి నిలబడి ఆనందం ఆనందం అని ఒక చిన్న కోరస్ పాడేసి వెళ్ళిపోతారు. హరికథ చివర మంగళం పాడినట్టు. అయితే మంగళంలో ఒక నిండుదనం ఉంటుంది, వీటిల్లో చాలాసార్లు అదేం ఉండదు, సింగర్ల మొహాల్లోనే "ఇంక మేకప్ తీసేద్దాం" అన్నట్టు కనపడుతుంది. ఈ కాలం డైరెక్టర్లకి ఈ ముగింపు గొంతులో వెలక్కాయే, ఎందుకంటే నమ్మకంగా చేస్తే చిన్నపిల్లల నాటకంలా ఉంటుంది, వెక్కిరిస్తే మ్యూజిక్ ఒప్పుకోదు. మ్యూజిక్ నిజంగానే సంతోషంగా ఉంటుంది మరి! ఆ హార్న్‌లు నాలుగూ కలిసి ఊదుతుంటే దాన్ని వ్యంగ్యం అని ఎవడంటాడు.

అందుకే చాలామంది ఏం చేస్తారంటే, కోరస్ జరుగుతుండగానే వెనకాల ఎవర్నో తుపాకీతో కాల్పించడమో, హీరోయిన్ మొహం వేలాడేసుకుని నిలబడటమో, అంటే "మేం దీన్ని నమ్మట్లేదు, మీరూ నమ్మకండి" అని మనకి చెవిలో చెప్పడం. ఒకటి రెండుసార్లు బానే ఉంటుంది, తర్వాత అది కూడా ఒక రూలు అయిపోయింది, పాత రూలు కంటే బోరు.

మెక్‌వికార్ ఏం చేశాడో చూడండి.

ఆఖరి సీను అలెగ్జాండ్రియా రేవు. ఈ ప్రొడక్షన్‌లో సముద్రం అంటే వెనకాల అడ్డంగా పెట్టిన మెలికల రోలర్లు, గుండ్రంగా తిరుగుతుంటే అలల్లా కనపడతాయి, అచ్చం పాత బరోక్ థియేటర్ టెక్నిక్. కానీ ఆ అలల మీద తేలే ఓడలు మాత్రం కథ నడిచేకొద్దీ మారుతుంటాయి, తెరచాపల ఓడలు పోయి ఇనుప యుద్ధనౌకలు వస్తాయి, ఆకాశంలో గాలి ఓడలు కూడా. రోమన్లందరికీ ఎర్రకోట్లు, అంటే బ్రిటిష్ సామ్రాజ్యం వాళ్ళు అన్నమాట. 1882 జూలైలో బ్రిటిష్ నౌకాదళం ఇదే అలెగ్జాండ్రియా మీద గుళ్ళ వర్షం కురిపించింది, ఆ తర్వాత ఈజిప్టు వాళ్ళ చేతిలోకి పోయింది. ఆ ముక్క గుర్తు పెట్టుకుని చూస్తే వెనకాల ఊరికే బొమ్మల్లా కదిలే ఆ ఓడలు బొమ్మల్లా అనిపించవు. డైరెక్టర్ ఎక్కడా దాన్ని నొక్కి చెప్పడు, అలలు తిరుగుతుంటాయి, ఓడలు ఊగుతుంటాయి, ముందు వీళ్ళు ప్రేమ పాటలు పాడుతుంటారు.

కొర్నేలియా చచ్చిన టోలొమేయో కిరీటం, రాజదండం తెచ్చి ఇస్తుంది, సీజర్ దాన్ని క్లియోపాత్రాకి ఇస్తాడు. ఇక్కడ సబ్‌టైటిల్ మిస్ అవ్వకండి. క్లియోపాత్రా ఏమంటుందంటే, నేను కప్పం కట్టే రాణిగా ఉంటాను, నిన్ను రోమ్ చక్రవర్తిగా ఆరాధిస్తాను అని. కప్పం! ఇంతసేపూ ఎత్తులు వేసి, తమ్ముడితో పోరాడి, జైల్లో ఏడ్చి, ఎనిమిది అరియాలు (సోలో పాటలు) పాడిన మనిషి చివరికి సంతకం పెట్టింది ఇలాంటి కాగితం మీద. 1724లో లండన్ జనం ఇది విని చప్పట్లు కొట్టి ఉంటారు, ఇందులో వింత ఏముంది అనుకుని ఉంటారు. ఎర్రకోటు వేసుకున్న సీజర్ ముందు ఇదే లైన్ పాడితే మాత్రం, మన వైపు వాళ్ళకి ఇంకాస్త ఎక్కువగానే, ఎక్కడో చురుక్కుమంటుంది. లిబ్రెట్టోలో, అంటే ఒపేరా సాహిత్యంలో, ఒక్క మాట మార్చలేదు, కోటు రంగు మార్చాడంతే.

తర్వాత ఇద్దరి డ్యూయెట్, "కారో, బెల్లా". నీ మొహం కంటే అందం ఎక్కడా దొరకదు, నీకు దూరమైతే నాలో ప్రేమా ఉండదు విశ్వాసమూ ఉండదు అని, ఒకళ్ళ లైను ఇంకొకళ్ళు అందుకుంటూ. విశ్వాసం అంట, రోమ్‌లో సీజర్‌కి కల్పూర్నియా అని భార్య ఉంది! ఇంకో మూడేళ్ళకి క్రీ.పూ. 44లో ఆయన్ని సెనేట్‌లో పొడిచేస్తారు, క్రీ.పూ. 30లో ఈవిడ పోతుంది, ఈజిప్టు రోమ్‌కి పోతుంది. ఇదంతా చూసేవాళ్ళకి తెలుసు, పాడేవాళ్ళకి తెలియదు, ఆ తేడాలోనే ఈ డ్యూయెట్ ఇంత తియ్యగా ఎందుకుందో అర్థమవుతుంది. సారా కానలీ సీజర్, ఆడమనిషి మగవేషం, 1724లో ఈ పాత్ర సెనెసీనో అనే కాస్ట్రాటో (గొంతు సన్నగానే ఉండాలని చిన్నప్పుడే వృషణాలు తీసేసిన గాయకుడు) పాడాడు, ఇప్పుడు కాస్ట్రాటోలు లేరు కాబట్టి ఆడవాళ్ళో, ఆడగొంతు ఎత్తులో పాడే మగవాళ్ళు కౌంటర్‌టెనర్లో పాడతారు. కానలీ నిలబడే తీరు చూస్తే రెండో నిమిషానికే ఆడమనిషన్న సంగతి మర్చిపోతాం, ఆ నడుము మీద చెయ్యి, ఆ గడ్డం ఎత్తడం, పక్కా ఆఫీసర్. డానియెల్ డి నీస్ క్లియోపాత్రా, శ్రీలంక మూలాలున్న ఆస్ట్రేలియాలో పుట్టిన అమ్మాయి, పాడుతూ డ్యాన్స్ చేస్తుంది, ఉత్తుత్తి చేతులు ఊపడం కాదు, మన హిందీ సినిమా స్టెప్పులు, ఆండ్రూ జార్జ్ కొరియోగ్రఫీ. అదీ గుక్క తిప్పుకోనివ్వని స్వరాల పరుగులో, ఊపిరి ఎక్కడ పీలుస్తుందో నాకింకా అర్థం కాలేదు. గొంతు పరంగా ఇంతకంటే నిండుగా పాడినవాళ్ళున్నారు, "పియాంజెరో" లాంటి ఏడుపు పాటల్లో ఈమె గొంతు కాస్త పలచగా అనిపించింది నాకు, కానీ డ్యూయెట్‌కి వచ్చేసరికి ఆ ఫిర్యాదు గుర్తుండదు.

ఇక కోరస్. "రితోర్ని ఒమాయ్", మన గుండెల్లోకి ఆనందం తిరిగి రానీ అని అర్థం. అందరూ వస్తారు. అందరూ అంటే అందరూ. సెస్తో చేతిలో చచ్చిన టోలొమేయో, అంతకుముందే చచ్చిన అకిల్లా, ఇద్దరూ ఆ నెత్తురు మరకల బట్టలతోనే వచ్చి, మిగతావాళ్ళ మధ్యలో నిలబడి, ఆనందం తిరిగి రానీ అని పాడతారు. నా అగ్గిపెట్టెలో కనపడింది వాళ్ళే. నేను పొరబడలేదు.

మొదట నవ్వొచ్చింది, ఒప్పుకుంటా. మన పద్యనాటకాల్లో వన్స్ మోర్ అని జనం గోల చేస్తే చచ్చి పడున్న పాత్ర లేచి పద్యం ఇంకోసారి పాడి మళ్ళీ పడుకునేదని చెప్పుకుంటారు కదా, అదే గుర్తొచ్చింది. కానీ రెండోసారి చూస్తే నవ్వు సగంలో ఆగింది. ఎందుకంటే ఇది డైరెక్టర్ ఊరికే అతికించిన జోక్ కాదు, హాండెల్ కాలం నాటి పద్ధతి నుంచే వచ్చింది. అప్పటి ఇటాలియన్ ఒపేరాల్లో కోరస్ అని వేరే గుంపు ఉండేది కాదు, చివర్లో కోరో అని రాసుంటే సోలో సింగర్లందరూ కలిసి పాడటమే. మరి రెండు పాత్రలు చచ్చిపోతే వాళ్ళ గొంతులు ఎట్లా? పక్క తెర చాటు నుంచి పాడేవాళ్ళు. అంటే 1724 ఫిబ్రవరి 20న లండన్ హేమార్కెట్ కింగ్స్ థియేటర్‌లో మొదటి షో నాడు కూడా ఆ ఆనందంలో చచ్చినోళ్ళ గొంతులున్నాయి, జనానికి కనపడలేదంతే. మెక్‌వికార్ చేసిందల్లా ఆ తెర తీసేసి వాళ్ళని వెలుగులోకి లాక్కురావడం, బట్టలు మార్చకుండా.

ఈ ఒక్క పని చాలా సమస్యలు తీర్చేసింది. మ్యూజిక్‌ని వెక్కిరించలేదు, అది ఎంత సంతోషంగా ఉందో అంత సంతోషంగానే పాడారు. అదే టైంలో ఆ మరకలు అక్కడే ఉన్నాయి, కొర్నేలియా నల్లబట్టల దుఃఖం నాలుగు గంటలుగా మన కళ్ళల్లో ఉంది, ఆవిడ మొగుడి తలతో కథ మొదలైంది మరి, అది మాత్రం తిరిగి రాదు. చంపినవాడు చచ్చినవాడు ఒకే తాళంలో ఆనందం అంటుంటే, ఇది క్షమాపణా, నాటకం అయిపోయింది ఇంక అందరం యాక్టర్లమే అనడమా, లేకపోతే ఇలాంటి పండగలన్నీ శవాల మీదే జరుగుతాయని చెప్పడమా? మా ఫ్రెండ్ ఒకడు మొదటిదే అంటాడు, నేను రోజుకోటి అంటున్నాను.

కోరస్ మధ్యలో సీజర్, క్లియోపాత్రా ఇద్దరే పాడే చిన్న ముక్క ఒకటి వస్తుంది, అక్కడ హార్న్‌లు తప్పుకుంటాయి, రంగు కాస్త మసకేస్తుంది, ఒక్క నిమిషం కూడా ఉండదు, మళ్ళీ కోరస్ మొదటి నుంచి. ఆ మసక ముక్క దగ్గర క్రిస్టీ తొందరపెట్టడు, చాలా రికార్డింగ్స్‌లో అది ఇంటికెళ్ళే బస్సు అందుకోవాలన్నట్టు పరిగెత్తుతుంది. డిస్క్‌లో నేను ఎక్కువసార్లు వెనక్కి తిప్పింది ఇదే.

ఇప్పుడు తిట్లు. వీడియో డైరెక్షన్ చాలా చోట్ల బావుంది కానీ ఆఖరి సీనుకి మాత్రం నాకు దూరంగా నిలబడ్డ కెమెరా కావాలి. కోరస్ అంటే స్టేజి మొత్తం, ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారన్నదే ఇక్కడ కథ, అలాంటప్పుడు మొహం మొహం కట్ చేసుకుంటూ పోతే పక్కవాడు కనపడడు. థియేటర్‌లో కూర్చున్నవాడు కళ్ళు ఎక్కడికి కావాలంటే అక్కడికి తిప్పుకుంటాడు, టోలొమేయోని చూసిన వెంటనే సెస్తో ఏం చేస్తున్నాడో చూస్తాడు, మనకి ఆ చాన్సు ఎడిటర్ ఇస్తేనే. చంపిన కుర్రాడు ఆ నిమిషంలో చచ్చినవాడి వైపు తిరిగాడా లేదా అని నేను మూడుసార్లు పాజ్ చేసి వెతికాను. సెస్తోగా ఆంగెలికా కిర్ష్‌లాగర్, అసలు ఆ కోపం, ఆ వణుకు ఎంత బాగా చేసిందంటే, ఆఖర్లో కూడా ఆమెని ఇంకాస్త చూడాలనిపించింది. క్లోజప్ వల్ల లాభం కూడా ఉందిలెండి, క్రిస్టోఫ్ ద్యూమో టోలొమేయో మొహం. ఈ కౌంటర్‌టెనర్ ఇంత చెడ్డవాడిగా చేసి కూడా నవ్విస్తాడు, చెడిపోయిన గారాల పిల్లాడు, ఏది కావాలన్నా ఇవ్వకపోతే కాళ్ళు కొట్టుకుంటాడు. అలాంటోడు చచ్చి తిరిగొస్తే మనకి కాస్త సంతోషమే వేస్తుంది, అది కూడా డైరెక్టర్ లెక్కలోనే ఉండి ఉంటుంది. క్రిస్టఫర్ మాల్ట్‌మన్ అకిల్లా, ప్యాట్రీషియా బార్డన్ కొర్నేలియా, ఇద్దరికీ వంక పెట్టడానికి లేదు.

సౌండ్ బావుంది, హార్న్‌లు కోరస్‌లో గొంతుల్ని తొక్కెయ్యకుండా పక్కనే మెరుస్తాయి, హెడ్‌ఫోన్స్‌తో వింటే ఇంకా బాగా తెలుస్తుంది. చప్పట్లు తీసెయ్యలేదు, కొందరికి నచ్చదు, నాకు నచ్చింది, ఆఖరి స్వరం ఇంకా గాల్లో ఉండగానే జనం గట్టిగా అరవడం వినపడుతుంది.

ఇదే స్టేజింగ్ 2013లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాకి వెళ్ళింది, డేవిడ్ డానియల్స్ సీజర్, నాటలీ డెసే క్లియోపాత్రా, సినిమా హాళ్ళకి లైవ్ కూడా ఇచ్చారు. దేనితో మొదలుపెట్టాలి అంటే నేను 2005దే అంటాను, ఎందుకంటే గ్లైండ్‌బోర్న్ హాలు చిన్నది, పన్నెండు వందల సీట్లు, ఆ ఓడలూ ఆ రోలర్లూ ఆ సైజుకి తగ్గట్టు పుట్టినవి.

ఎవరికి నచ్చదు? క్లియోపాత్రా సీరియస్‌గా ఉండాలి, స్టెప్పులేంటి అనేవాళ్ళకి నచ్చదు, వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, మొదటి యాక్టులో నాకూ ఒకచోట ఎక్కువైందనిపించింది. ఇంకా, మన స్టెప్పుల్ని ఈజిప్టుకి తగిలించడం ఏంటి, తూర్పు అంటే అంతా ఒకటేనా అని అడిగేవాళ్ళకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. సామ్రాజ్యం వాళ్ళ కళ్ళకి అలాగే కనపడింది అని డైరెక్టర్ తరఫున వాదించొచ్చు, సగం నమ్మకంతో. నాలుగు గంటలు ఒకేసారి కూర్చోలేని వాళ్ళు యాక్టుకో రోజు పెట్టుకోండి, తప్పేం లేదు, కానీ మూడో యాక్టు మాత్రం ముక్కలు చెయ్యొద్దు. అకిల్లా చావు, టోలొమేయో చావు అప్పుడే చూసి ఉంటేనే కోరస్‌లో వాళ్ళు కనపడ్డప్పుడు ఒళ్ళు ఉలిక్కిపడుతుంది.

డిస్క్‌కి నాలుగున్నర స్టార్లు, ఆ అర కెమెరాకి కోత. యాప్‌లోనే చూస్తాం అంటే సెట్టింగ్స్‌లోకెళ్ళి ఆటోప్లే ఆఫ్ చేసుకోండి. నేను కస్టమర్ కేర్‌కి రాస్తే, "కంటెంట్ పూర్తయ్యాక మాత్రమే తర్వాతి సిఫార్సు చూపిస్తాం సార్" అని జవాబొచ్చింది. కోరస్ మొదలైతే వాళ్ళ లెక్కలో కంటెంట్ పూర్తయినట్టేనంట.